ఎలుగుబంటి పెళ్లికి సెహ్రా

కొత్తగూడ,
మహబూబాబాద్ జిల్లా,
జూలై రెండో వారం

నౌషీన్‌కు,

కవరు మీద నా చేతిరాత చూసి ముందు నువ్వు భయపడి ఉంటావు, తర్వాత నవ్వి ఉంటావు. చేతిలో ఫోను పెట్టుకుని ఈ స్టాంపులేమిటని. నేను కొత్తగా చేరిన ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల కొత్తగూడ దాటి అడవిలో ఉంది. ఇక్కడ ఫోను గడియారంగా మాత్రమే పనికొస్తుంది. సిగ్నల్ కావాలంటే వాగు దాటి గుట్ట ఎక్కాలి. అంత కష్టపడి ఎక్కితే 'హలో' అనేవరకు ఉండి పోతుంది. అందుకని పోస్టాయనే నాకు దిక్కు. ఇక్కడ అందరం బాగున్నాం. దోమలు మాకన్నా బాగున్నాయి.

నీతో పనిబడింది. డిసెంబరులో భూపాలపల్లిలో ఆడపిల్లల హాస్టళ్లన్నిటికీ వేషాల పోటీ పెడుతున్నారు. ఒక్కో బడి ఒక చిన్న నాటకం వేయాలి. షరతు ఏమిటంటే వేషాలు అద్దెకు తేకూడదు, కొత్త గుడ్డ కొనకూడదు, వాడి పారేసిన వాటితోనే కుట్టాలి. సైన్సు చెప్పుకునే నన్ను పట్టుకుని ఈ పని అప్పజెప్పారు.

కథ ఏం వేద్దామని పిల్లల్ని అడిగితే గంటసేపు అరుపులే. చివరికి ఆరో తరగతి జమ్లీ లేచింది. దగ్గరి తండా పిల్ల. మామూలుగా హాజరు పలకడానికి కూడా గొంతు పెగలదు. ఆ రోజు మాత్రం నిలబడి కథ మొత్తం చెప్పేసింది. అడవిలో ఎలుగుబంటికి పెళ్లి. పెళ్లికూతురు నెమలి. మేనమామ ముళ్లపంది అలిగి కూర్చుంటాడు. బతిమాలాలంటే కౌగిలించుకోవాలి, కౌగిలించుకుంటే గుచ్చుకుంటుంది. బ్యాండు వాయించేది కీచురాళ్లు. పిల్లలు పడీపడీ నవ్వారు, ఇంకో కథ వద్దన్నారు.

తోక ఉండేది మగ నెమలికని నేను అడ్డం పడ్డాను. తోక లేని పెళ్లికూతుర్ని ఎవరు చూస్తారు మేడం అన్నారు. నా సైన్సు అక్కడితో ఆగింది.

నాకు గుండీ కుట్టుకోవడమే సరిగా రాదని నీకు తెలుసు. కేసముద్రం బళ్లో చదివేటప్పుడు బస్తా గుడ్డతో నాకు రాణి గౌను కుట్టినదానివి. ఈ జంతువులన్నిటినీ నువ్వు తప్ప ఎవరు కుడతారు? పిల్లల కొలతలు ఇందులోనే పెట్టాను. కాదనకు.

నీ శిల్ప


జనగామ,
జూలై చివర

శిల్పా,

కాదంటానా? నీ ఉత్తరం చదివినప్పటి నుంచి వీధిలో పోయే ప్రతి చెత్తనీ ఆశగా చూస్తున్నాను. నిన్న మా పక్కింటావిడ చిరిగిన గొడుగు పారేయబోతే చేతిలోంచి లాక్కున్నాను. ఆవిడ నావైపు అదోలా చూసింది.

నిజం చెప్పనా, నాకు ఈ పని కావాల్సి వచ్చింది. బజారు నిండా కుట్టిన జాకెట్లు వేలాడుతున్నాయి. నా దగ్గరికి వచ్చేవి చీరల ఫాల్సు, ఊడిన జిప్పులు. ఇదివరకు కొత్త గుడ్డ మీద కత్తెర పెడుతుంటే చేతులకు ఒక సంతోషం ఉండేది. అది మర్చిపోయాను.

మా ఆయన మాజిద్ ట్రాలీ ఆటో నడుపుతున్నాడని తెలుసు కదా. కేసముద్రం మార్కెట్ యార్డు నుంచి వచ్చేటప్పుడు చినిగిన గోనెసంచులు తెస్తున్నాడు. ఎలుగుబంటి వాటితోనే. సంచిని పోగులుగా విప్పి, కుచ్చులు కట్టి, పాత దుప్పటి మీద కింది నుంచి పైకి వరసలుగా కుడుతున్నాను. పై వరస కింది వరస ముడుల్ని కప్పేస్తుంది. నల్లరంగులో ముంచి దండెం మీద ఆరేస్తే, పాలు పోసే ఆయన గేటు బయటే ఆగిపోయి కేక వేశాడు. అంటే బాగా కుదిరినట్టే.

ఇంట్లో నవ్వనిది ఒక్క మా మామగారే. మేమందరం ఆయన్ని అబ్బా అనే పిలుస్తాం. తాజుద్దీన్ బ్యాండ్ అంటే ఒకప్పుడు ఇక్కడి నుంచి పాలకుర్తి దాకా పెళ్లిళ్లలో ఆయన క్లారినెట్టే. తర్వాత డీజే పెట్టెలొచ్చాయి. పిలిచేవాళ్లు తగ్గారు. వాయించేవాళ్లు ఒకరొకరే వేరే పనులకు పోయారు. రెండేళ్లుగా బ్యాండు లేదు. అప్పటి నుంచి అబ్బా గోడవైపు తిరిగి పడుకుంటారు. పెడితే తింటారు, అడిగితే ఊ అంటారు. మంచం కింద రేకుపెట్టెలో బ్యాండు వాళ్ల ఎర్రకోట్లున్నాయి, జరీ తాళ్లతో సహా. అప్పుడప్పుడు తీసి ఎండలో వేసి, దులిపి, మళ్లీ మడతపెడతారు. ఆ పెట్టె జోలికి మేమెవరం పోము.

ఎలుగుబంటి తల ఆయనకు చూపించాను. చూసి మళ్లీ గోడవైపు తిరిగారు.

నీ నౌషీన్


కొత్తగూడ,
ఆగస్టు చివర

నౌషీన్,

మూట చేరింది. విప్పేటప్పుడు పిల్లలు నన్ను తొక్కేశారు. తల బయటికి తీయగానే మా బడి కుక్క తోక ముడుచుకుని వంటగదిలోకి పోయింది. రెండు రోజులు బయటికి రాలేదు. వంటామె అన్నం గంటె చేతిలో పట్టుకుని ఎలుగుబంటితో ఫోటో దిగింది.

ఎలుగుబంటి వేషం జమ్లీదే. కథ తనది కాబట్టి తనే వేస్తానంది, ఎవరూ ఎదురు చెప్పలేదు. వేసుకున్నాక ఆ పిల్ల నడకే మారిపోయింది. భుజాలు ఊపుతూ నడుస్తోంది. ఒక్క చిక్కు ఉంది. గోనె దురద పెడుతోంది. ముహూర్తం సమయంలో పెళ్లికొడుకు వీపు గోక్కుంటుంటే బాగుండదు కదా. లోపల మెత్తటి గుడ్డేదైనా వేయగలవా?

ముళ్లపందికి మేమొక ప్రయత్నం చేశాం. చీపురు పుల్లలు బొంతకు గుచ్చాం. మేనమామను బతిమాలడానికి వచ్చిన కుందేలు నిజంగానే ఏడ్చింది. అదీ నీకే వదిలేస్తున్నాను.

ఆదివారం తల్లిదండ్రులు పిల్లల్ని చూడటానికి వచ్చారు. జమ్లీ వాళ్ల నాయన దేవ్‌సింగ్ కూడా వచ్చాడు. ఆ సంగతి తర్వాత రాస్తాను. పోస్టాయన గేటు దగ్గర సైకిల్ బెల్లు కొడుతున్నాడు.

నీ శిల్ప


జనగామ,
సెప్టెంబరు

శిల్పా,

పోస్టాయన బెల్లు కొట్టాడని రాయడం ఆపేదానివి కాదు నువ్వు. ఆయన్ని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి మరీ రాసేదానివి. ఆదివారం ఏమైంది?

దురదకు మాజిద్ పాత లుంగీలతో లోపలి గుడ్డ కుట్టాను. ఇప్పుడు ఎలుగుబంటి బయట అడవి, లోపల గళ్ల లుంగీ. ముళ్లపందికి చెరుకు రసం బండి దగ్గర పారేసిన స్ట్రాలు తెచ్చి, వేడినీళ్లలో కడిగి, బొంతకు కుట్టాను. వంగుతాయి, గుచ్చుకోవు. కుందేలుకు నా తరఫున క్షమాపణ చెప్పు. నెమలి తోకకు గొడుగు కడ్డీలు, చీర అంచులు. తోక మీది కళ్లు పాత పెళ్లిపత్రికల్లోంచి కత్తిరించాను. దగ్గరగా చూస్తే ఒక కంటిలో ఎవరిదో ముహూర్తం కనిపిస్తుంది. కీచురాళ్ల రెక్కలకు, మాజిద్ చేయి విరిగినప్పటి ఎక్స్‌రేలు కడిగి ఆరబెట్టాను. లైటు పడితే బాగుంటాయి.

ఈ మధ్య పాదాలు వాస్తున్నాయి. మిషన్ తొక్కడం తగ్గించాను. అందుకే ఆలస్యం, ఏమీ అనుకోకు.

ఆదివారం సంగతి రాయి.

నీ నౌషీన్


కొత్తగూడ,
అక్టోబరు మొదటి వారం

నౌషీన్,

రాస్తున్నాను. రాయకుండా ఉంటే జరగనట్టు అవుతుందేమో అనుకున్నాను.

ఆ రోజు దేవ్‌సింగ్ ఉడికించిన మక్కకంకులు సంచిలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. నాయన వచ్చాడని తెలియగానే జమ్లీ వేషం వేసుకుంది. తల కూడా పెట్టుకుంది. చూపించాలని గేటువైపు పరుగెత్తింది. ఆయన చేతిలోంచి సంచి జారిపోయింది. వెనక్కి వెనక్కి జరిగి ప్రహరీగోడకు ఆనుకుని కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. జమ్లీ తల తీసేసి, బాపు నేనే, నేనే అంటూనే ఉంది. ఆయనకు తెలిసింది. తెలిసినా మొహం మీది చేతులు తీయలేదు. కాసేపటికి లేచి, తలపాగా తువ్వాలు మొహం మీదికి సరిచేసుకుని, వెళ్లిపోయాడు. కంకులు మట్టిలో పడి ఉన్నాయి.

వంటామె చెప్పింది అప్పుడు. మూడేళ్ల కిందట ఇప్పపూలు ఏరబోయినప్పుడు ఎలుగుబంటి ఆయన మొహం మీద కొట్టింది. చెంప చీలిపోయింది, చెవి సగం పోయింది. వరంగల్ దవాఖానలో చాలా రోజులున్నాడు. ఆ తర్వాత మొహానికి తువ్వాలు లేకుండా ఎవరూ చూడలేదట. పెళ్లిళ్లకు పోడు, పోయినా పందిరి బయటే కూర్చుంటాడు. ఆ తువ్వాలును నేనెన్నిసార్లు చూశానో. ఎండకనుకున్నాను.

రాత్రి అన్నాలయ్యాక జమ్లీని పక్కన కూర్చోబెట్టుకుని, ఎలుగుబంటి కథ ఎందుకు చెప్పావని అడిగాను. చాలాసేపు గోడ గీకుతూ ఉండి, మెల్లగా అంది: "గది పెండ్లి చేసుకుంటె ఇంటికాడ ఉంటది మేడం. ఇగ ఇప్పచెట్ల కిందికి రాదు."

దుప్పటి కప్పి పడుకోబెట్టాను.

అప్పటి నుంచి వేషం మడతపెట్టి తన పెట్టె అడుగున పెట్టేసింది. దేవ్‌సింగ్ మళ్లీ రాలేదు. నాటకం మార్చేద్దామా అని హెచ్చెమ్ గారు అడుగుతున్నారు. మిగతా పిల్లలు నా మొహం చూస్తున్నారు. ఏం చేయాలో తోచడం లేదు.

పాదాల వాపు అన్నావు. నేను సైన్సు టీచర్ని. ఇప్పుడేమీ అడగను, నీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పు.

నీ శిల్ప


జనగామ,
అక్టోబరు

శిల్పా,

నాటకం మార్చకు. మూటలో పైన కాగితంలో చుట్టింది ముందు విప్పు. కానీ దానికి ముందు ఇది చదువు.

నీ ఉత్తరం వచ్చిన రోజు పొయ్యి దగ్గర మాజిద్‌కు చదివి వినిపిస్తున్నాను. 'ఇప్పచెట్ల కిందికి రాదు' అన్నచోట ఆగాను. గోడవైపు పడుకున్న అబ్బా, ఆగకు, చదువు అన్నారు. నేనూ మాజిద్ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. చివరిదాకా చదివాను. మళ్లీ మొదటి నుంచి చదవమన్నారు. రెండోసారి అయ్యేసరికి లేచి కూర్చున్నారు.

"దూల్హా మొఖం ఎవరన్న గట్ల బయటవెడ్తరా బేటీ? సెహ్రా కట్టాలె. సెహ్రా కట్టినంక లోపల ఎవలున్నరో ఎవలడుగుతరు? పెండ్లికొడుకు, గంతే."

మా పెళ్లిళ్లలో నుదుటి నుంచి గుండెల దాకా వేలాడే పూల తెర ఉంటుంది చూడు, దాని మాట. అన్ని పెళ్లిళ్లు చూసిన మనిషికి తట్టింది, కుట్టేదాన్ని నాకు తట్టలేదు. ఆ జమ్లీ వాళ్ల నాయన ఎలుగుబంటి మొహం చూడక్కర్లేదు. పిల్లలకు ఎలుగుబంటీ పోదు.

పూలు వాడిపోతాయి కాబట్టి మందుగోలీల ఖాళీ పట్టీలతో చేశాను. మా వీధిలో బీపీ గోలీలు వేసుకోని ఇల్లు లేదు. వెండి పట్టీలను సన్నగా కత్తిరించి, మధ్యమధ్య పసుపుపచ్చ కవర్ల ముక్కలు ముడివేసి పూలలాగా గుచ్చాను. కదిలితే గలగలమంటుంది.

మర్నాడు ఇంకొకటి జరిగింది. అబ్బా తనంతట తనే రేకుపెట్టె బయటికి లాగారు. కీచురాళ్ల బ్యాండుకు డ్రెస్సు ఏదని అడిగారు. పాత నల్ల చొక్కాలు అనుకున్నానని చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. చొక్కాలేసుకుని బ్యాండు వాయిస్తారా అన్నారు. ఎర్రకోట్లు తెచ్చి నా ముందు పడేసి, పిల్లల కొలతలకు కోయమన్నారు. కత్తెర పట్టుకున్నాను కానీ పెట్టలేకపోయాను. ఆయన రెండు వైపులా గుడ్డ బిగించి పట్టుకున్నారు.

"పెట్టెల ఉంటె పురుగులు తొడుక్కుంటయి. పొల్లగాండ్లు తొడుక్కుంటె నయం గాదా. కొయ్యి."

కోశాను. తనది ఒక్కటే పక్కన పెట్టుకున్నారు.

నీకు దాచిన మాట ఇప్పుడు చెప్తున్నాను, నువ్వు కనిపెట్టేశావు కాబట్టి సగమే చెప్పినట్టు. నాకు ఏడో నెల. ముందొకసారి నిలిచినట్టే నిలిచి పోయింది కదా. ఈసారి అందరికీ చెప్పి, మళ్లీ అందరికీ లేదని చెప్పాల్సి వస్తుందేమోనని నోరు కట్టుకున్నాను. అంతా బాగుందని డాక్టరమ్మ అంది. మిషన్ మాత్రం తొక్కొద్దంది. అందుకని అబ్బా పక్కన స్టూలు వేసుకుని చేత్తో చక్రం తిప్పుతున్నారు. ఆయన తిప్పడం మామూలుగా ఉండదు. నోటితో బారాత్ పాట అందుకుంటే కుట్టు పరుగెడుతుంది, అప్పగింతల పాట అందుకుంటే నేను గుడ్డ పట్టుకుని ఎదురుచూడాలి. ఒక కోటు చేయి మొత్తం తీన్మార్ దరువు మీద కుట్టాం. వంకర పోయింది, విప్పి మళ్లీ కుట్టాను.

నీ నౌషీన్


కొత్తగూడ,
నవంబరు

నౌషీన్,

ముందు నీ వార్తకు. చదివి స్టాఫ్‌రూములో ఒంటరిగా నవ్వుకుంటుంటే లెక్కల మేడం జీతాలు పెరిగాయా అని అడిగింది. బరువులెత్తకు. ఇక నుంచి నీకు ఉత్తరాల్లో తిట్లు ఉండవు, జనవరి దాకా.

సెహ్రా విప్పితే గదిలో వాన పడ్డట్టు చప్పుడు. జమ్లీ దగ్గరికి రాలేదు. దూరం నుంచి చూసింది. రెండు రోజులు ఏమీ అనకుండా మూట తలుపు దగ్గరే ఉంచాను. మూడోనాడు స్నానాల వేళకు గలగల వినిపించింది. యూనిఫాం మీదే సెహ్రా కట్టుకుని కిటికీ అద్దంలో చూసుకుంటోంది.

దీపావళికి పిల్లను ఇంటికి తీసుకుపోవడానికి దేవ్‌సింగ్ వచ్చాడు, రాక తప్పక. గేటు బయటే నిలబడ్డాడు. నాకు భయమేసింది కానీ జమ్లీయే అడిగింది, వేసుకోనా అని. ఈసారి పరుగెత్తలేదు. ఇద్దరు పిల్లలు చెరోవైపు చేయి పట్టుకుని పెళ్లికొడుకును నడిపించినట్టు నడిపించారు. చాలా దూరంలో, వేపచెట్టు కింద బల్ల మీద కూర్చుంది. సెహ్రా గుండెల దాకా వేలాడుతోంది. దాని వెనక నుంచే అంది: "బాపు, గిది కదలది. పెండ్లి అయ్యేదాంక కూసుంటది."

ఆయన గేటు చువ్వలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చాడు. కొంచెం నడిచి ఆగి, కొంచెం నడిచి ఆగి, బల్ల దాకా వచ్చాడు. వెంట్రుకల కుచ్చు ఒకటి వేళ్ల మధ్య నలిపి చూసి, గోనెసంచా అని అడిగాడు. అవునన్నాను. పెండ్లి ఎప్పుడని అడిగాడు. డిసెంబరులో, భూపాలపల్లిలో అన్నాను. వస్తాననలేదు, రాననలేదు. జమ్లీ సంచి భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ తండా దారి పట్టారు.

ఎర్రకోట్లు వేసుకున్న కీచురాళ్లు బడంతా కవాతు చేస్తున్నాయి. వాయించడానికి మాత్రం పళ్లేలే ఉన్నాయి. మీ అబ్బా పోటీకి వస్తారా? మేమందరం పిలుస్తున్నామని చెప్పు. పెళ్లి పిలుపే అనుకోమను.

నీ శిల్ప


జనగామ,
డిసెంబరు

శిల్పా,

నేను రాలేను. డాక్టరమ్మ గుమ్మం దాటొద్దంది. నేను కుట్టిన జంతువుల్లో ఒక్కటి కూడా కదలడం చూడలేదు. ఏడుపొస్తోంది కానీ మాజిద్ ముందు నవ్వుతున్నాను.

అబ్బా వస్తున్నారు. మాజిద్ ట్రాలీలో తీసుకొస్తాడు. వారం నుంచి పొద్దున్నే వాయిస్తున్నారు. మొదటి రోజు క్లారినెట్ పిల్లికూతలు పెట్టింది, వీధిలో కిటికీలు మూసుకున్నారు. ఇప్పుడు తెరుస్తున్నారు. వంకాయ తిననంటారు, నమ్మకు, పెడితే తింటారు. నెమలి తోక బస్సులో నిలబెట్టి తీసుకెళ్లు, మడిస్తే కడ్డీలు విరుగుతాయి. సూదీ దారం మూటలో పెట్టాను. అంతా చూసి నాకు రాయి. ఏదీ వదలొద్దు.

నీ నౌషీన్


భూపాలపల్లి,
డిసెంబరు, పోటీ రోజు మధ్యాహ్నం

నౌషీన్,

ఫలితాలు చెప్పేలోపు మైదానంలో చెట్టుకింద కూర్చుని రాస్తున్నాను. మీ అబ్బా ఇంటికి రాగానే చెబుతారు. కానీ ఆయన చెప్పేదంతా క్లారినెట్ గురించే ఉంటుంది. మిగతాది నా దగ్గర విను.

పొద్దున్నే బస్సెక్కేటప్పుడు చూస్తే దేవ్‌సింగ్ డ్రైవరు వెనక సీట్లో ఉన్నాడు. తువ్వాలు కళ్ల దాకా చుట్టుకుని. ఎవరూ ఏమీ అడగలేదు. ఇక్కడికి వచ్చేసరికి మీ అబ్బా ఎర్రకోటు వేసుకుని, జరీ తాడు సరిచేసుకుంటూ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. మా కీచురాళ్లు ఆయన్నీ, ఆయన మా కీచురాళ్లనూ పైనుంచి కిందిదాకా చూసుకున్నారు. తర్వాత ఆయన ఒక పిల్ల కాలరు గుండీ పెట్టి, బ్యాండోళ్లు గుండీలు విప్పరని చెప్పారు. అంతే, అందరూ గుండీలు పెట్టుకున్నారు.

వేదిక మీద పెద్దవాళ్లు ఉండకూడదని నిర్వాహకులు అన్నారు. అబ్బా పెద్ద చిక్కేమీ కాదన్నారు. బారాత్ వేదిక మీద మొదలవదు, ఊళ్లోంచి వస్తుందన్నారు. మా వంతు రాగానే జనం వెనక నుంచి క్లారినెట్ లేచింది. అందరూ వెనక్కి తిరిగారు. ముందు అబ్బా, వెనక ఎక్స్‌రే రెక్కలు మెరుస్తూ ఎర్రకోట్ల కీచురాళ్లు, వాళ్ల వెనక అలిగిన ముళ్లపంది, అందరికన్నా వెనక పెళ్లికొడుకు. రెక్కల్లో మాజిద్ చేతి ఎముక నాకు కనిపించింది. ఎండలో ఎంత అందంగా ఉందో.

సగం దూరం వచ్చాక జమ్లీ తూలింది. సెహ్రా వెనక నుంచి దారి సరిగా కనిపించడం లేదు, వేషం బరువు. నేను పరుగెత్తబోయేలోగా పక్క వరసలోంచి దేవ్‌సింగ్ లేచాడు. వంగి, ఎలుగుబంటిని ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. సెహ్రా పట్టీలు ఆయన తువ్వాలుకు చిక్కుకున్నాయి. ఒకసారి లాగాడు, రాలేదు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత తువ్వాలు పూర్తిగా విప్పేసి, మడిచి, భుజం మీద పిల్ల కాళ్ల కింద మెత్తగా వేసుకున్నాడు. అంతమందిలో ఆయన మొహం మొదటిసారి చూశాను నౌషీన్. అబ్బా కూడా వెనక్కి తిరిగి చూసి, పాట జోరు పెంచారు. దేవ్‌సింగ్ అడుగులు వేశాడు. నడక అనుకున్నాను. చూస్తే ఆడుతున్నాడు.

ఇంకేముంది, జనం కుర్చీలు వదిలేశారు. వేరే బడి పిల్లలు, వాళ్ల టీచర్లు, మైకు పట్టుకున్న ఆయన కూడా. మా సమయం అయిందని గంట కొట్టారట, ఎవరికీ వినపడలేదు. వేదిక మీద నెమలి తోక విప్పుకుని ఎదురుచూసి ఎదురుచూసి, ఆగలేక తనే దిగి వచ్చి ఆడింది. పెళ్లికొడుకును బల్ల మీద కూర్చోబెట్టేసరికి మా సమయం ఎప్పుడో దాటిపోయింది. ముళ్లపందిని మాత్రం అందరూ కౌగిలించుకున్నారు. స్ట్రాలు వంగాయి, గుచ్చుకోలేదు.

పిలుస్తున్నారు. ఆపుతున్నాను.


కొత్తగూడ, మర్నాడు

మనకు బహుమతి రాలేదు. సమయం మించిపోయిందని. మొదటి బహుమతి పాత టైరు ట్యూబులతో మొసలిని చేసిన వాళ్లకు ఇచ్చారు, న్యాయమే. మావాళ్లు ఏడుస్తారనుకున్నాను. అప్పటికే వాళ్లు బగారా అన్నం లైనులో ఉన్నారు. నాలుగు బడుల వార్డెన్లు వచ్చి ఎలుగుబంటి కుచ్చులు లాగి చూసి, కుట్టినదెవరని అడిగారు. నీ పేరూ, ఊరూ చెప్పాను. పురుడయ్యేదాకా ఎవరూ ఆమెను కదిలించొద్దని కూడా చెప్పాను. అబ్బా పక్కనుండి, అప్పటిదాకా చక్రం నేనే తిప్పుతానని చెప్పండి అన్నారు. జాగ్రత్త, పని ఒప్పుకున్నది ఆయనే.

నిన్న సాయంత్రం బస్సులో తిరిగి వస్తున్నాం. జమ్లీ వేషం తీయనంటే తీయనంది. ఎలుగుబంటి తల నా ఒళ్లో పెట్టి, వాళ్ల నాయన ఒళ్లో నిద్రపోయింది. ఆయన తువ్వాలు పిల్ల మీద కప్పాడు. మొహం అలాగే ఉంది, బయట. ముళ్లపంది వేషం వేసిన పిల్ల వెనక సీట్లోంచి తల ముందుకు పెట్టి, మామా, నిన్ను నిజంగ ఎలుగుబంటి కరిచిందా అని అడిగింది. నేను ఆ పిల్ల చేయి పట్టుకుని ఆపబోయాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూసి, తర్వాత పిల్లవైపు తిరిగాడు.

"కరవలే బిడ్డా, కొట్టింది. నేను చెట్టుకు ఇటు దిక్కు వంగి పూలు ఏరుతున్న. అది అటు దిక్కు వంగి తింటున్నది. ఇద్దరం ఒక్కపారే లేసినం. నేను ఒర్రిన, అది ఒర్రింది. నాకన్న అదే ఎక్కువ బెదిరింది. ఒక్కటి ఏసి ఉరికింది. నేను గూడ ఉరికిన. జూస్తె ఇద్దరం ఒక్క దిక్కే ఉరుకుతున్నం."

మొదట ఎవరు నవ్వారో తెలియదు. నేనే అయ్యుంటాను. తర్వాత బస్సంతా నవ్వు. డ్రైవరు వేగం తగ్గించి అద్దంలోంచి వింటున్నాడు. దేవ్‌సింగ్ గొంతు పెద్దది చేశాడు. ఎక్కడ తిరిగాడో, వాగులో ఎలా పడ్డాడో, ఎలుగుబంటి తండాలో దూరితే మేకలు గుడిసెల మీదికి ఎలా ఎక్కాయో, చేతులు తిప్పుతూ చెప్పాడు. దవాఖాన మాట వచ్చినచోట గొంతు కొంచెం తగ్గింది. కానీ ఆగలేదు. చివరిదాకా చెప్పాడు. మూడేళ్లలో ఎవరికీ చెప్పలేదని, తమకూ తెలియదని ఆ తండా పిల్లలే తర్వాత నాతో అన్నారు.

కథ అయ్యేసరికి కొత్తగూడ దీపాలు కనిపించాయి. పిల్లలు ఊరుకోలేదు, మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు. ఆయన నిద్రపోతున్న పిల్లను ఒళ్లో సర్దుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఎలుగుబంటి ఇంకొంచెం పెద్దదైంది.

నీ శిల్ప